కవరు మీద పేరు

కరీంనగర్,
4 జులై 1983

బావా,

ముందుగాల ఒక మాట. ఈ ఉత్తరం నీ చేతికి రాకముందు మీ హాస్టల్ గది నంబరు తొమ్మిదిల ఇంకెవలన్న ఇప్పితె, ఇప్పినోళ్ళు ఇక్కడికే ఆపి మడిచి పెట్టుండ్రి. లేకుంటె కండ్లు పోతయి.

నన్ను మల్ల హాస్టల్ల చేర్చుకున్నరు. మా వార్డెన్ సరళాదేవి మేడం గురించి నీకు చెప్పిన గద, చీర కుచ్చిళ్ళు స్కేలు పెట్టి కొలిచినట్టు ఉంటయని. ఆమె రిజిస్టర్ ముందట పెట్టుకోని "ఎండాకాలం సెలవుల్ల ఏమన్న విశేషమా సుగుణా" అని అడిగింది. "మామిడికాయ తొక్కు పెట్టినం మేడం" అన్న. అబద్ధం కాదు, పెట్టినం. ఆ తొక్కు ఊరేలోపట మన పెండ్లి కూడ అయ్యింది. అది ఆమె అడుగలే, నేను చెప్పలే.

నవ్వకు. ఇక్కడ రూలు గోడకే రాసి ఉన్నది, పెండ్లయినోళ్ళకు సీటు లేదని. పోయినేడు రాధాబాయి అనే పిల్ల సంగతి బయటపడితె జనవరిలనే ట్రంకుపెట్టెతోని సహ ఇంటికి పంపిండ్రు. పాపం, పరీక్ష రాయనే లేదు. మా బాపు మాట నీకెరుకే. "హాస్టల్ల ఉంటెనే సదువు. లేదంటె సీద అత్తగారింటికే" అన్నడు. అమ్మమ్మ కండ్ల నిండ మన పెండ్లి చూస్తనన్నదని చేసిండ్రు గని, నా బి.ఎస్సీ. నడుమల ఉన్నదన్న సోయి ఎవలకున్నది? అందుకని పరీక్షలయ్యేదాక నేను పెండ్లి కాని పిల్లను. నువ్వు యాదిల పెట్టుకో, నీకు పెండ్లయ్యింది, నాకు కాలే.

పుస్తెలతాడు జాకెట్ లోపల పిన్నీసు పెట్టి దాసిన. మెట్టెలు సబ్బుడబ్బల, సబ్బు కింద. స్నానానికి పోయినప్పుడల్ల అవి గలగలమంటయి. పక్క గది పిల్ల "నీ సబ్బు మోగుతది ఏందే" అంటున్నది.

ఇగ ఉత్తరాల ముచ్చట. ఇక్కడికి వచ్చే ప్రతి ఉత్తరం మేడం ఇప్పి సదివినంకనే ఇస్తది. పోయేటియి చూడదు. వాటిని మా వాచ్‌మెన్ రజాక్ చాచా బస్టాండ్ కాడి డబ్బల వేస్తడు, ఆయనకు తెలుగు సదువరాదు. అందుకని నేను ఉన్నది ఉన్నట్టు రాస్త. నువ్వు మాత్రం మీ అక్క దేవకి వదినె లెక్క రాయాలె. ఊరు బెల్లంపల్లి అని వేయి, నన్ను "మరదలా" అను, పిల్లల సంగతి, బర్రె సంగతి రాయి. వదినెకు సంతకం తప్ప రాయరాదన్నది మేడంకు ఏం తెలుసు?

కవరు మీద నీ పేరు రాయలేదని అలుగకు. మొగని పేరు పెండ్లాం పలికిన, రాసిన ఆయుష్షు తగ్గుతదని మా అవ్వ అంటది. అది ఉత్తదని నాకెరుకే, బి.ఎస్సీ. సదువుతున్న. కని నీ ఆయుష్షు మీద ప్రయోగం చెయ్య. అందుకే "బి.ఏ. ఆఖరు సంవత్సరం, గది నంబరు 9" అని రాసి ఊకున్న. చేరితె చేరినట్టు జాబు రాయి.

మార్చి దాక నీకేమీ కాని,
సుగుణ


బెల్లంపల్లి,
15 జులై 1983

మరదలు సుగుణకు దేవకి వదినె రాసేది ఏమనగా,

మేమందరం మంచిగున్నం. మా ఆయన బొగ్గుబాయి పనికి పోయి వస్తుండు. పిల్లలు మంచిగున్నరు. బర్రె కూడ మంచిగున్నది.

ఆదిలాబాద్‌ల సదువుకుంటున్న మా తమ్ముడు ఆంజనేయులు కూడ మంచిగున్నడు. నువ్వు అడుగలే, అయినా చెప్తున్న. మంచిగున్నడంటె మరీ అంత మంచిగ లేడు. అన్నం సయిస్తలేదట. ఎండాకాలం ఎవలో తొక్కు కలిపి ముద్దలు పెట్టిండ్రట, గా చెయ్యి యాదికొస్తున్నదట. వాడు ముందే సున్నితం. మీసం కూడ ఈ నడుమ మంచిగ వచ్చింది. ఎత్తు నీకెరుకే. మా తమ్మునసుంటి పిలగాడు జిల్ల మొత్తంల లేడని ఇక్కడ అందరంటరు.

నిన్న సర్వపిండి చేసిన. నువ్వుంటె తినేదానివి అనుకున్న.

ఇంకొక ముచ్చట. మా ఇంట్ల అంబదాస్ అని ఒక కిరాయిదారు పిలగాడున్నడు. మరాఠి కలిపి మాట్లాడుతడు. పేరు లేని కవరు వస్తె అందరికన్న ముందు వాడే ఇప్పుతడు. నీ పోయిన ఉత్తరం వాడు మంచమెక్కి నిలబడి సదివిండు, కైలాసం అనే ఇంకొకడు సప్పట్లు కొట్టిండు. కండ్లు పోతయని రాసిన కాడ ఇద్దరు కండ్లు మూసుకోని మల్ల తెరిచిండ్రు. అందుకని జర దయ ఉంచి కవరు మీద పేరు రాయి తల్లీ. పేరుతోని ఎవలూ సావరు.

పైలంగ సదువుకో. సబ్బు వాడకం తగ్గించు.

నీ ఆంజ దేవకి


కరీంనగర్,
2 ఆగస్టు 1983

బావా,

నీకు ఆడోళ్ళ లెక్క రాసుడు ఎవలు నేర్పిండ్రు? మీసం సంగతి అక్కలు రాస్తరా? ఆఖరుకు "ఆంజ" అని రాసి కొట్టేసి "దేవకి" అని రాసినవు. కొట్టేసింది ఇంక మంచిగ కనపడుతున్నది.

మేడం నన్ను ఆఫీసు గదికి పిలిచింది. ఉత్తరం చేతుల పట్టుకోని "మీ వదినెకు తమ్ముడంటె శానా ప్రేమ" అన్నది. "ఔను మేడం, ఒక్కడే తమ్ముడు" అన్న. "ఊరు బెల్లంపల్లి అని ఉన్నది, పోస్టు ముద్ర ఆదిలాబాద్‌ది ఉన్నది" అన్నది. ఇది మనం సోంచాయించనే లేదు. నోటికొచ్చింది చెప్పిన, వదినె వాళ్ళాయన పని మీద ఆదిలాబాద్ పోతుంటడు, అక్కడ డబ్బల వేస్తడని. "బాయిల బొగ్గు తవ్వేటాయనకు ఆదిలాబాద్‌ల ఏం పని?" అన్నది. "యూనియన్ పని మేడం" అన్న. ఇప్పటి సంది మీ బావ యూనియన్ లీడరు, యాదిల పెట్టుకో.

పోనీలే గండం గడిచింది అనుకుంట ఎల్లబోతుంటె మల్ల పిలిచింది. "మీ వదినె రాసుడు మంచిగుంటది, సదివితె నవ్వొస్తది. ఆమె సర్వపిండి ఎట్ల చేస్తదో రాయుమను, కిష్టవ్వతోని చేయిద్దాం" అన్నది. కిష్టవ్వ మా వంటామె. ఇగ నీ తిప్పలు నువ్వు పడు. ఎవలనన్న ఆడామెను అడిగి రాయి, నీ తెలివి వాడకు.

పేరు మాత్రం రాయ. అంబదాస్‌కు చెప్పు, మల్ల ఇప్పితె ఈసారి నిజంగనే తిట్టి రాస్త.

సుగుణ


బెల్లంపల్లి,
20 ఆగస్టు 1983

మరదలా,

మీ వార్డెనమ్మ అడిగినందుకు శానా సంతోషం. నేను సర్వపిండి ఎట్ల చేస్తనంటె, ముందుగాల గోధుమపిండి తీసుకోవాలె. ఎంత అంటె సరిపోయేంత. అండ్ల ఉల్లిగడ్డ, కారం, ఉప్పు వేయాలె. పల్లీలు ఉంటె వేయాలె, లేకుంటె కైలాసం పెట్టెల చూడాలె. నీళ్ళు పోసి పిసుకాలె. నీళ్ళు ఎక్కువయితె పిండి పోయాలె, పిండి ఎక్కువయితె నీళ్ళు పోయాలె, గట్ల గిన్నె నిండేదాక పోసుకుంట పోవాలె. గిన్నె అడుగుకు ఒత్తి పొయ్యి మీద పెట్టి చరిత్రల ఒక పాఠం సదివి వచ్చేవరకు అయితది. రెండు పాఠాలు సదివితె మాడుతది.

మా ఆయన యూనియన్ పనుల మీద మస్తు తిరుగుతుండు. అందుకే ముద్ర ఆదిలాబాద్‌ది ఉంటది. ఇప్పుడు కూడ గట్లనే ఉంటది.

దసరాకు లక్షెట్టిపేటకు, మా అవ్వగారింటికి వస్తున్నవట గద. మా తమ్ముడు కూడ వస్తుండు. ఇరవై రెండు దినాలున్నయని వాడు గోడ మీద గీతలు గీస్తుండు. లెక్క తప్పు, యాభై దాటినయి, కని వానికి చెప్ప బుద్ధి కాలే.

దేవకి


కరీంనగర్,
26 అక్టోబర్ 1983

బావా,

ముందుగాల సర్వపిండి సంగతి చెప్త, మల్ల కోపం సంగతి.

నువ్వు రాసినట్టు కిష్టవ్వ చేసింది. పాపం ఆమె "గోధుమపిండా? బియ్యప్పిండి కాదా?" అని మూడుసార్లు అడిగింది. "లెటర్‌ల ఎట్లున్నదో అట్లనే చెయ్యి" అన్నది మేడం. గిన్నెకు అంటుకున్నది, రాలే. బోర్లించి కొట్టినం, రాలే. దసరా సెలవుల్ల సుతం నానబెట్టిందట, నిన్న వచ్చి చూస్తె ఇంకా కొంచెం ఉన్నది. మేడం మాత్రం ఒక ముక్క ఇరుసుకోని నోట్ల వేసుకోని కిటికి దిక్కు చూసుకుంట నమిలింది. నమిలి నమిలి "మీ వదినె వంట చేసుకుంట చరిత్ర సదువుతదా?" అని అడిగింది. పిల్లలకు చెప్తది మేడం అన్న. ఆ మూతి మీద నవ్వున్నదో లేదో నాకు తెలువలే.

ఇగ కోపం సంగతి. దసరాకు మీ ఇంట్ల ఉన్న పన్నెండు దినాలల్ల నువ్వు పుస్తకం పట్టుకుంటె "పిలగాడు సదువుకుంటుండు, సప్పుడు చేయకుండ్రి" అన్నరు. నేను పట్టుకుంటె "సుగుణా, పప్పు నానిందా చూడు" అన్నరు. అత్త మంచిదే, నా మేనత్త, నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నది. ఆమె తప్పు కాదు. నువ్వు అరుగు మీద కాలు మీద కాలేసుకోని అంతా విని ఏం అనలే చూడు, అది నాకు గుచ్చుకున్నది. నాకు కెమిస్ట్రీల రెండు చాప్టర్లు మిగిలినయి. నీకు మిగిలింది రెండో ఏడు ఫెయిలయిన ఇంగ్లీషు, అది ఎన్ని గంటలు సదివినా నీకు రాదు.

వాడకట్టు ఆడోళ్ళందరు "ఏమన్న విశేషమా" అని నా కడుపు దిక్కు చూసి అడిగిండ్రు. మా మేడం అడిగిన మాటనే. ఇద్దరికి తొక్కు పెట్టినమనే చెప్పిన.

నీతోని పన్నెండు దినాలు ఒక్క ఇంట్ల ఉన్న గని నీతోని ముచ్చట పెట్టింది ఈ కాయిదం మీదనే ఎక్కువ.

సుగుణ


బెల్లంపల్లి,
12 నవంబర్ 1983

మరదలా,

నీ ఉత్తరం చేరింది. ఈసారి కూడ అంబదాసే ఇప్పిండు. సగం సదివి ఆగిండు. మడిచి మా తమ్ముని చేతుల పెట్టి బయటికి పోయిండు. వాడు గట్ల ఎప్పుడూ చేయలే.

మా తమ్ముడు దీపావళికి ఇంటికి పోయిండు. పొద్దుగాల లేసి, మా అవ్వ పప్పు తీసుకోని రోలు కాడికి పోతుంటె పొత్రం గుంజుకోని వాడు కూసున్నడు. "ఏందిరా ఇది, ఆడోళ్ళ పని" అన్నది అవ్వ. "ముందుముందు ఈ ఇంట్ల సదువుకునే ఆడపిల్ల ఎవలన్న ఉంటె, ఆమె సదువుకునే యాళ్ళకు పప్పు నేను రుబ్బుత, అందుకని నేర్చుకుంటున్న" అన్నడు. వాడకట్టు మొత్తం వచ్చి చూసిపోయింది. మా బాపు పేపరు అడ్డం పెట్టుకున్నడు. గారెలు గరుకుగ వచ్చినయి గని తినేటట్టే ఉన్నయి. బొటనవేలు నలిగింది, అందుకే ఈ రాత వంకరగ ఉన్నది.

అంటె వాని వేలు నలిగింది. నా రాత వంకరగ ఉన్నది. ఎందుకో తెల్వదు.

వాడు అరుగు మీద ఊకున్నది భయంతోని కాదట, సోయి లేక. సోయి లేకపోవుడు ఇంక పెద్ద తప్పని వానికి ఇప్పుడు ఎరుకయ్యింది. మన్నించుమని చెప్పుమన్నడు.

దేవకి


కరీంనగర్,
14 డిసెంబర్ 1983

బావా,

బొటనవేలుకు పసుపు పెట్టినవా? నీ ఉత్తరం సబ్బుడబ్బల మెట్టెల మీద మడిచి పెట్టిన. కోపం పోయింది. ఉత్తరం చేరిన నాడే పోయింది, చెప్పుడు లేటయ్యింది.

కని నిన్న జరిగింది వింటె నీ పై ప్రాణం పైన్నే పోతది. మంగళారం గద, హాస్టల్ పిల్లలందరిని మేడం కొండగట్టు తీసుకపోయింది. బస్సు ఎక్కేదాక నా బుర్రకు తట్టలే. గుట్ట ఎక్కుతుంటె తట్టింది, ఆ స్వామి పేరే గద నీ పేరు. అందరు అంజన్న, అంజన్న అని మొక్కుకుంట ఎక్కుతుండ్రు. నేను మూతి కుట్టుకున్న.

హాస్టల్ల గొంతు మంచిగున్నది నాదే అని భజన నన్ను ఎత్తుకొమ్మన్నరు. ప్రతి రెండో మాటకు ఆ పేరే వస్తది. నేను మారుతి అన్న, హనుమంత అన్న, పవనకుమార అన్న. ఎనకనుంచి నలభై మంది అసలు పేరు పాడుతుండ్రు, నేనొక్కదాన్ని వేరే పేరు. తాళం ఎటో పోయింది. పూజారి తిరిగి చూసిండు. ఒక కోతి కూడ నన్నే చూసింది.

దిగేటప్పుడు మేడం నా పక్కన నడిచింది. "సుగుణా, ఈ గుడి ఏ స్వామిది?" అని అడిగింది. నేను ఏమన్ననో ఎరుకనా? "ఇక్కడ కోతులుంటయి గద మేడం, వాటి స్వామిది" అన్న. ఆమె ఇంకేం అడుగలే. కొబ్బరిముక్క నా చేతుల పెట్టి ముందుకు నడిచింది.

నాకు భయమవుతున్నది. నువ్వు వేరే పేరు పెట్టుకోరాదా?

సుగుణ


కరీంనగర్,
18 జనవరి 1984

బావా,

అయిపోయింది. పరీక్ష ఫారం మీద వార్డెన్ సంతకం కావాలె. అందరియి చేసింది, నాది పక్కకు పెట్టింది. "మీ దేవకి వదినె ఒకసారి వచ్చి నన్ను కలువాలె. ఈ నెల ఆఖరు ఆయితారం వరకు రాకుంటె నేను సంతకం చెయ్య" అన్నది. నిరుడు రాధాబాయిని పంపింది గూడ జనవరిలనే.

ట్రంకుపెట్టె మంచం కింద ఉన్నది. దాని దిక్కు చూస్తలేను. సంతకం లేకుంటె హాల్‌టికెట్ లేదు. హాల్‌టికెట్ లేకుంటె ఈ మూడేండ్లు లేనట్టే, బాపు మల్ల పంపడు. నాకు బి.ఎస్సీ. పాసు కావాలని ఉన్నది బావా. మన పెండ్లి కావాలని ఎంత ఉండెనో అంత ఉన్నది. ఈ రెండిట్ల ఒకటి ఏరుకొమ్మని నిన్ను ఎవలూ అడుగలే, నువ్వు కూడ హాస్టల్లనే ఉన్నవు, నీ గోడకు ఏ రూలు లేదు. నన్నెందుకు అడుగుతున్నరు?

వదినెను పట్టుకోని రా.

సుగుణ


బెల్లంపల్లి,
24 జనవరి 1984

(కార్డు)

మరదలా, ఫికర్ చెయ్యకు. ఆయితారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. దేవకిని కూడ తీసుకోని వస్తున్న.

దేవకి


కరీంనగర్,
1 ఫిబ్రవరి 1984

బావా,

నువ్వు గేటు బయట రజాక్ చాచా పక్కన బీడి కూడ తాగరాక నిలబడ్డవు గని, లోపల ఏం జరిగిందో నీకు తెల్వదు. వదినె బస్సుల సగమే చెప్పి ఉంటది, సగం నవ్వి ఉంటది. నేను మొత్తం రాస్త.

నీ కార్డు ముందే మేడం టేబుల్ మీద ఉన్నది. దేవకిని తీసుకోని దేవకి వస్తున్నదని రాసింది చదువుకుంట కూసున్నది. దాని పక్కన నీ ఉత్తరాలన్ని. నా పెట్టెల ఉండవలసినయి, పొద్దుగాల తెచ్చియ్యుమన్నది. వదినె లోపలికి వచ్చి దండం పెట్టింది. మేడం కుర్చీ చూపించి, కాయిదం కలం ఇచ్చి "సర్వపిండి ఎట్ల చేస్తరో ఇంకొకసారి రాసిస్తరా" అన్నది.

వదినె కాయిదం చూసింది, నన్ను చూసింది. "నాకు సంతకమే వస్తది మేడం" అన్నది. ఆ పాత ఉత్తరం సదివి వినిపించుమంటె మేడం వినిపించింది. గోధుమపిండి అన్న మాట వచ్చేవరకు వదినె కొంగు నోట్ల కుక్కుకున్నది. "మా ఇంట్ల ఇంత తెలివి ఒక్కనికే ఉన్నది మేడం. వాడు గేటు కాడ నిలబడ్డడు" అన్నది.

మేడం లేసి, సందర్శకుల రిజిస్టర్ తెచ్చింది. మా దగ్గర పద్ధతి ఏందంటె, ఎవలొచ్చినా ఆ పిల్లనే వచ్చినోళ్ళ పేరు, వరుస నోటితోని చెప్పాలె. వార్డెన్ రాసుకుంటది. "గేటు కాడ నిలబడ్డ అబ్బాయి నీకేమైతడు?" అని అడిగింది.

వదినె తమ్ముడు అంటె అయిపోతుండె. బావ అంటె అయిపోతుండె, రెండూ నిజమే. ఆ మాట నాలిక మీదికి వచ్చింది బావా. కని ఆరునెలల సంది దాసి దాసి నాకు పానం ఇసిగింది. "మా ఆయన మేడం" అన్న.

కలం ఆగింది. "పేరు?" అన్నది.

నేను నోరు తెరిచిన. రాలే. మల్ల తెరిచిన. సీటు పోతదని ఎరుకే, ట్రంకుపెట్టె ఎరుకే, కెమిస్ట్రీ ఎరుకే. అయినా నీ పేరు రాలే. ఏడుపొచ్చింది. "పేరు చెప్ప మేడం. పంపితె పంపుండ్రి" అన్న.

అప్పుడు ఆమె నవ్వింది. మూడేండ్లల్ల ఆమె నవ్వు సప్పుడు నేను మొదటిసారి విన్న. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది. "కొండగట్టు స్వామిని కూడ పేరు పెట్టి పిలువని పిల్ల ఎవలయితదో నాకు తెల్వదా? నాకు మొదటి ఉత్తరం నాడే తెలుసు. ఏ అక్కా తమ్ముని మీసం గురించి ఉత్తరంల రాయదు" అన్నది. మల్ల మెల్లగ అన్నది, "పోయినేడు రాధాబాయిని రూలు చూసి నేనే పంపిన. పెట్టె నేనే రిక్షాల పెట్టించిన. ఆ పిల్ల పరీక్ష రాయలే. నాకు అది ఒక్కటి చాలు. సంతకం చేసేముందు ఈ గోధుమపిండి వదినెను ఒకసారి కండ్లతోని చూద్దామనుకున్న, అంతే."

కమిటీ వాళ్ళు అడిగితె ఎట్ల మేడం అన్న. "నా రిజిస్టర్ల ఏమున్నదో అదే చెప్త" అని రాసి నా దిక్కు తిప్పింది. ఏం రాసిందో చూడు. పేరు: కొండగట్టు స్వామి. వరుస: కులదైవం. వచ్చిన పని: దర్శనం ఇచ్చుటకు.

మల్ల నిన్ను లోపలికి పిలిపించింది. అక్కడినుంచి నీకెరుకే. ఇంగ్లీషు పాసయినవా అని అడిగితె గోడ గడియారం దిక్కు చూసిన దేవున్ని నేను ఇప్పటిదాక చూడలే.

ఫారం మీద సంతకం అయ్యింది. చేతుల పట్టుకోని మూడుసార్లు చూసుకున్న. కమిటీ వాళ్ళ కోసం పుస్తెలతాడు పిన్నీసు కిందనే ఉండాలెనట.

నువ్వు టికెట్లకు పోయినప్పుడు బస్టాండ్ల వదినె నాకొక ముచ్చట చెప్పింది. అది ఇప్పుడు రాయ. పరీక్షలయినంక రాస్త.

సుగుణ


ఆదిలాబాద్,
11 ఫిబ్రవరి 1984

నా సుగుణకు,

ఊరు పేరు చూసినవా? ఆదిలాబాద్. ముద్ర కూడ ఆదిలాబాదే. మొగోని లెక్క రాయుడు మర్సిపోయిన, బర్రె మంచిగున్నదని రాయబోయి ఆగిన.

మేడంకు దండాలు. ఈ ఉత్తరం మీరు సదువుతరని తెలిసే రాస్తున్న మేడం, అందుకని నా పెండ్లాం మీద నాకున్న ప్రేమ గురించి ఇక్కడ రెండు పేజీలు రాయవలసింది రాస్తలేను. ఆమెకు ఎరుకే.

సుగుణా, నీ మాట నన్ను వదుల్తలేదు. నా గోడకు ఏ రూలు లేదన్నవు. నిజమే. ఇక్కడ నన్ను పెండ్లయ్యిందా అని అడిగినోడు లేడు. అయ్యిందని అందరికి నేనే చెప్పుకుంట తిరిగిన, సప్పట్లు కొట్టిండ్రు. నువ్వు మెట్టెలు సబ్బు కింద దాసుకున్నవు. ఒక్క పెండ్లికి ఇద్దరి లెక్క ఇంత తేడ ఎట్లయ్యిందని అంబదాస్, నేను పొద్దంత మాట్లాడుకున్నం. వాడు వచ్చే నెల పెండ్లి చేసుకుంటుండు. పిల్ల ఇంటర్ సదువుతున్నది, మానిపిస్తరట. మానిపిస్తె చేసుకోనని ఇంటికి రాసిండు. నీ ఉత్తరాలు వాడు ఇప్పి సదువుడు మంచిదే అయ్యింది.

సదువు. నా ఫికర్ చెయ్యకు. నేను ఇంగ్లీషు సదువుతున్న, ఒట్టు.

ఒక్క కోరిక ఉన్నది, అది కవరు మీది కోరికనే. నీకిష్టమైతేనే.

నీ మొగడు,
ఆంజనేయులు

(కింద ఎర్ర సిరాతోని, వేరే దస్తూరి: బియ్యప్పిండి. నువ్వులు. నానిన శనగపప్పు. పల్లీలు. మూకుడుకు నూనె రాసి పలుచగ ఒత్తి నడుమల బొక్కలు పెట్టాలె. సెగ సన్నగ. పాఠం సదువరాదు, పక్కన్నే నిలబడాలె. సుగుణ పాసయిన నాడు నువ్వు చేసి తెచ్చి నాకు పెట్టాలె. స. దే.)


కరీంనగర్,
12 ఏప్రిల్ 1984

బావా,

నిన్నటితోని పరీక్షలు ఖతం. ప్రాక్టికల్స్ కూడ అయినయి. కెమిస్ట్రీల నేను వదిలిపెట్టిన ప్రశ్న ఒక్కటే, మిగిలినయన్ని రాసిన. పాసయిత. ఇంత ధైర్యంగ ఎప్పుడూ అనలే, ఇప్పుడు అంటున్న. రేపు బాపు వస్తడు తీసుకపోవడానికి. ట్రంకుపెట్టె మంచం కింది నుంచి గుంజిన, ఈసారి నేనే గుంజిన. మెట్టెలు పెట్టుకున్న. వేళ్ళకు అలవాటు తప్పింది, నడుస్తుంటె తట్టుకుంటున్న. కిష్టవ్వ చూసి "సబ్బు మోగింది గీటితోనా బిడ్డా" అన్నది.

బస్టాండ్ల వదినె చెప్పిన ముచ్చట ఇప్పుడు రాస్త. నేను పేరు చెప్పక ఏడ్చిన గద, బయటికి వచ్చినంక వదినె నన్ను బెంచి మీద కూసోబెట్టి చెప్పింది. ఏళ్ళ కింద ఒకనాడు యాళ్ళ కాని యాళ్ళ బాయి మీద సైరన్ కూసిందట. బాయి దిగినోళ్ళ పెండ్లాలందరు పొయ్యి మీద అన్నం పొయ్యి మీదనే ఇడిసి ఉరికిండ్రట. మనిషి మనిషికి తెలుస్తలేదట. "ఆ బాయి అంచుకు నిలబడి ఒక్కతి అన్న 'ఓ పిల్లల తండ్రీ' అన్నదా? ఎవల మొగని పేరు వాళ్ళం పట్టుకోని ఒర్లినం. ఓ మొండయ్యా, ఓ మొండయ్యా అని గొంతు పోయేదాక పిలిచిన. పేరు పెట్టి పిలిస్తెనే గద పిల్లా, మనల్ని ఎవలు పిలుస్తుండ్రో వాళ్ళకు తెలిసేది" అన్నది. ఆఖరుకు ఏం కాలే, అందరు పైకి వచ్చిండ్రు. "ఆనాటి సంది నేను పేరు పెట్టే పిలుస్త. పదేండ్లాయె, మీ అన్నకు దగ్గు తప్ప ఏ రోగం లేదు" అన్నది.

ఇది విన్న నాడే రాయాలని ఉండె. కని పరీక్షల నడుమ నీకేమన్న అయితె నేను పరీక్ష రాయలేకపోతుంటి. నవ్వకు, సగం నమ్మకం సగం సైన్సు, నేను గట్లనే ఉన్న. అందుకే ఆగిన.

ఇయ్యాళ పొద్దుగాల గదిల ఎవలు లేరు. అద్దం ముందట నిలబడి ఒకసారి అన్న. ముందు గొంతుల అన్న, మల్ల బయటికి అన్న. మూడోసారి జర గట్టిగనే అన్నట్టున్న, కిష్టవ్వ వంటింట్ల నుంచి "ఎవలను పిలుస్తున్నవు బిడ్డా" అని అడిగింది. మా ఆయనను అని చెప్పిన. తియ్యగ ఉన్నది బావా నీ పేరు. పది నెలలు ఇంత మంచి పేరును నోట్లనే ఉంచుకోని నేనేం చేసిన?

కవరు మీద రాసింది చూసే ఉంటవు. రజాక్ చాచాకు ఇయ్యలే, నేనే పోయి డబ్బల వేసిన. దాన్ని అంబదాస్ ఇప్పకూడదు.

నువ్వు మంచిగనే ఉన్నవు గద? ఉత్తరం చేరంగనే ఒక కార్డు రాయి. ఊరికి రాయి, ఎవలు సదివినా పర్వాలేదు.

సుగుణ


ఆదిలాబాద్,
16 ఏప్రిల్ 1984

(కార్డు)

సుగుణా,

బతికే ఉన్న. మల్ల ఒకసారి పిలువు.

ఆంజనేయులు